‘నో రిటర్న్’ అని రాసి పెట్టినా కేసు వేస్తానంటోంది!

ప్రశ్న: మేడం గారూ, మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో నేత పనివాళ్లుండే ఊరు. మా ఆయన ఇక్కత్ నేస్తారు. మూడేళ్లుగా నేను వాట్సాప్ గ్రూపుల్లో చీరలు అమ్ముతున్నాను. మూడు గ్రూపుల్లో కలిపి పదిహేను వందల మంది ఉంటారు. పోయిన నెల విశాఖపట్నం నుంచి ఒకావిడ 7,200 రూపాయల పట్టు చీర తీసుకుంది. పార్సిల్ చేరిన నాలుగో రోజు ఫోన్ చేసి రంగు ఫొటోలో ఉన్నట్టు లేదు, డిజైన్ అంచులు చెదిరిపోయాయి, కొంగు దగ్గర మచ్చ ఉంది, డబ్బు వాపస్ ఇమ్మంది. ‘నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్, ఓపెనింగ్ వీడియో తప్పనిసరి’ అని మా గ్రూపులో రాసే ఉంది. ఆమె వీడియో తియ్యలేదు. కుదరదన్నాను. ఆమె ఫేస్‌బుక్‌లో చీరల గ్రూపులో నా ఫొటో పెట్టి ‘మోసం, వీళ్ల దగ్గర కొనకండి’ అని రాసింది. నాకూ కోపమొచ్చి, ఆమె పేరు, నంబరు, అడ్రసు కనిపించేలా పార్సిల్ ఫొటో మా గ్రూపులన్నిట్లో పెట్టి ‘ఫ్రాడ్ కస్టమర్, జాగ్రత్త’ అని రాశాను. ఇప్పుడు వినియోగదారుల కోర్టుకు పోతానంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. అంత దూరం పోయి కేసు ఎలా చూసుకోవాలి? ఇంకో సంగతి. ఒక కొత్త కస్టమర్ డబ్బు కట్టానని స్క్రీన్‌షాట్ పంపింది, నాకు మాత్రం రాలేదు. చీర పంపమంటోంది. ఏం చేయాలి?
– ఒక నేతింటి ఇల్లాలు

జవాబు: ముందు ఈ ఉత్తరం పక్కన పెట్టి మీ ఫోన్ తీయండి. ఆమె నంబరు, అడ్రసు ఉన్న ఆ పోస్టుకు ఒక స్క్రీన్‌షాట్ తీసి మీ దగ్గర ఉంచుకుని, ఆ ఫొటోను మూడు గ్రూపుల్లోంచీ తీసేయండి. చదవడం తర్వాత.

తీసేశారా? వాట్సాప్‌లో పెట్టిన సందేశం రెండు రోజులు దాటితే అందరి ఫోన్లలోంచి పోదు. మీది ఆ గడువు దాటిపోయి ఉంటే గ్రూపుల్లో రెండు వాక్యాలు రాయండి: ‘కోపంలో ఒక కస్టమర్ వివరాలు పెట్టాను, అది నా తప్పు. దయచేసి ఆ ఫొటో మీ ఫోన్లలో తీసేయండి, ఎవరికీ పంపకండి.’ అంతకంటే వివరణ వద్దు. స్క్రీన్‌షాట్ ఎందుకన్నానంటే, ఏం పెట్టారు, ఎప్పుడు తీసేశారు అన్నది రేపు దాచిపెట్టినట్టు కాకుండా మీరే చెప్పగలగాలి. ఆమె దగ్గర ఎలాగూ ఉండే ఉంటుంది.

ఎందుకింత తొందర పెట్టానంటే, మీ గొడవలో చీర సంగతి అటో ఇటో తేలేదే. ఈ ఫొటో సంగతి అలా కాదు. సరుకు కొనేటప్పుడు నమ్మి ఇచ్చిన సొంత వివరాలను ఇంకొకరికి బయటపెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా లెక్కపెట్టింది. ఒక ఆడమనిషి ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు పదిహేను వందల మంది చేతిలో పెట్టారు. ఆమె మీ ఫొటో పెట్టడం తప్పే, కాదనను. కానీ వాళ్లు కొట్టారని మనమూ కొడితే చూసేవాళ్లకు ఇద్దరూ ఒకటే.

ఇక మీరు ధైర్యంగా చెప్పుకుంటున్న ‘నో రిటర్న్’ సంగతి. ఈ మాట మీరొక్కరే రాయడం లేదు. చీరలు, నగలు, పిల్లల గౌన్లు అమ్మే ఏ గ్రూపు చూసినా పైన ఇదే ఉంటుంది. అందరూ రాస్తున్నారు కాబట్టి చెల్లుతుందనుకుంటారు. లోపం ఉన్న సరుకును వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని చెప్పడం అదే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు, లేకపోతే 30 రోజులు. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ జాబితాలో ఉంది. మీరు బిల్లు ఇచ్చినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు, అందుకే గుర్తు చేస్తున్నాను. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు ఇంకొంచెం ముందుకెళ్లి, చూపించినదానికీ పంపినదానికీ పోలిక లేకపోయినా వెనక్కి తీసుకోవాలంటాయి. ‘ఇంట్లోవాళ్లకు నచ్చలేదు, మనసు మారింది’ అంటే మాత్రం తీసుకోవాలన్న బలవంతం లేదు. అక్కడ మీ షరతు నిలబడుతుంది.

ఓపెనింగ్ వీడియో తీయకపోతే కొన్నవాళ్ల హక్కు పోతుందని ఏ చట్టంలోనూ లేదు. అది ఒక సాక్ష్యం, అంతే. ఆమె దగ్గర పార్సిల్ విప్పిన వీడియో లేదంటున్నారు సరే, మీ దగ్గర ప్యాక్ చేసిన వీడియో ఉందా? మచ్చ లేని చీరే పెట్టారని మీరెలా చూపిస్తారు? అవతలివాళ్లను వీడియో అడిగే ప్రతి అమ్మకందారునీ నేను అడిగే ప్రశ్న ఇదే. ఇంతవరకూ ఒక్కరే ‘ఉంది’ అన్నారు.

ఆమె చెప్పిన మూడు లోపాలనూ విడివిడిగా చూద్దాం. మీరిద్దరూ వాటిని ఒకే ముద్ద చేసి పోట్లాడుకుంటున్నారు.

అంచులు చెదరడం గురించి మీకు నేను చెప్పేదేముంది! పోగును ముందే కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఆ తర్వాత మగ్గం మీదికి ఎక్కిస్తారు. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరిగినా బొమ్మ అంచు కాస్త అలికినట్టు వస్తుంది. అదే ఇక్కత్. గీత గీసినట్టు నున్నగా ఉండి, తిప్పి చూస్తే వెనక వెలిసిపోయినట్టు ఉండేది సాధారణంగా ప్రింటు చీర. విశాఖ ఆవిడ లోపమని చూపిస్తున్నది నిజానికి మీ ఆయన చేతిపనికి సాక్ష్యం. కానీ ఆమెకా సంగతి ఎవరు చెప్పారు? బజారులో ఇక్కత్ పేరుతో దొరికే ప్రింటు చీరలు చూసి చూసి, అంచు పదునుగా ఉండటమే మంచి చీర లక్షణమనుకుని ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నుంచి భౌగోళిక గుర్తింపు ఉన్నా, ఆ గుర్తింపు దేనికో కొనేవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. ఈ విషయంలో చట్టం మీ వైపే ఉండొచ్చు, అయినా చెప్పకపోవడం మీదే పొరపాటు.

రంగు దగ్గర నాకు మీ మీదే అనుమానం. ఫొటో ఎప్పుడు తీశారు? రాత్రి పనులన్నీ అయ్యాక, ఎల్‌ఈడీ బల్బు కింద, మంచం మీద పరిచి తీసి ఉంటారు. పట్టులో పడుగు (నిలువు పోగు) ఒక రంగు, పేక (అడ్డ పోగు) ఇంకో రంగు అయితే వెలుతురు మారినకొద్దీ చీర రంగే మారుతుంది. పైగా ఇప్పటి ఫోన్లు మనం అడక్కుండానే రంగుకు మెరుగు దిద్దుతాయి. ఆమె ఫోన్ తెర అక్కడ ఇంకోలా చూపిస్తుంది. ఇందులో అబద్ధం ఎవరూ ఆడలేదు.

మచ్చ ఒక్కటే నిజంగా తేలాల్సిన విషయం. అది చీర చేతికొస్తే గానీ తేలదు.

మీ ఊళ్లోనే ఈ తగువు వచ్చుంటే మాస్టర్ వీవరో, సొసైటీ పెద్దో చీర చేత్తో పట్టుకుని చూసి అరగంటలో తేల్చేసేవారు. ఆమె ఉన్నది విశాఖలో. మీరు ఒకరి ముఖం ఒకరు చూడలేదు, చూడబోరు. ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి లేడు. అలాంటి చోట పెద్దమనిషి పని దేనితో చేయించాలన్నది ఇంటర్నెట్‌లో అమ్మకాలు మొదలైన రోజుల్లోనే వచ్చిన చిక్కు. 1999లో అమెరికాలో ఈబే అనే సైట్‌లో కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ వచ్చిన తగాదాలను ఈమెయిల్లోనే రాజీ చేయగలమేమోనని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఈథన్ క్యాట్ష్ అనే ఆచార్యుడి బృందం ప్రయత్నించింది. రెండు వారాల్లో దాదాపు 200 తగాదాలు వచ్చాయి. ఆ అనుభవం తర్వాత ఈబే సొంతంగా పెట్టుకున్న ఏర్పాటులో ఏడాదికి 6 కోట్ల దాకా తగాదాలు నడిచేవి. చాలావరకు మనిషి కలగజేసుకోకుండానే ముగిసేవి.

అందులో పెద్ద మాయ ఏమీ లేదు. ‘మీ బాధ రాయండి’ అని ఖాళీ పెట్టె ఇస్తే మనిషి తిట్లు రాస్తాడు. ‘సరుకు రాలేదా, వచ్చింది వేరా, పాడైందా? డబ్బు కావాలా, మార్చి ఇవ్వాలా?’ అని అడిగితే విషయం చెప్తాడు. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో కొన్న మిక్సీ జార్ పగిలి వచ్చినప్పుడు, మనిషితో మాట్లాడనివ్వకుండా ఇలా ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే ఒళ్లు మండిపోయింది. కానీ నిజం చెప్పాలంటే నేను మనిషితో మాట్లాడి ఉంటే ఆ జార్ ఇప్పటికీ వచ్చి ఉండేది కాదు. నా నోరు అలాంటిది.

మీరూ అదే పని మీ ఫోన్‌లో చేయొచ్చు. ఫోన్ కాల్ వద్దు, వాయిస్ మెసేజ్ అసలే వద్దు. గొంతులో కోపం దాగదు, ఆ ముక్క రికార్డై ఊళ్లు తిరుగుతుంది. రాతలో ఇలా పంపండి. మాటలు మీకు తగ్గట్టు మార్చుకోండి:

‘నమస్తే అండీ. మీ నంబరు, అడ్రసు గ్రూపులో పెట్టడం నా తప్పు. తీసేశాను, క్షమించండి. చీర గురించి మీరు మూడు విషయాలు చెప్పారు. డిజైన్ అంచు అలా ఉండటం ఇక్కత్ లక్షణం, ఎందుకో చూపించే చిన్న వీడియో పంపుతున్నాను. రంగు ఫొటోలో తేడాగా వచ్చి ఉండొచ్చు. మచ్చ నేను చూడాలి, పగటి వెలుతురులో ఫొటో తీసి పంపండి. మీకు మూడు దారులు. 1. చీర వెనక్కి పంపండి. స్పీడ్ పోస్టు ఖర్చు నాది. చీర చేరిన రెండు రోజుల్లో 7,200 మీకు పంపిస్తాను. 2. అదే ధరలో ఇంకో చీర, పగటిపూట వీడియో కాల్‌లో మీరే చూసి ఎంచుకోండి. 3. ఈ చీరే ఉంచుకుంటే 1,000 రూపాయలు వాపస్ చేస్తాను. ఆదివారం సాయంత్రం లోపు అంకె పంపితే చాలు. మీ మనసులో ఇంకో మార్గం ఉంటే అదీ రాయండి.’

‘అంటే ఓడిపోయినట్టేగా’ అని మీకు అనిపిస్తుంది. లెక్క వేసుకోండి. చీర వెనక్కి వస్తే అది పాత చీర కాదు, మచ్చ నిజమైతే కొంచెం తగ్గించి అమ్ముకోవచ్చు. మీ నష్టం రానుపోను పోస్టు ఖర్చు, మహా అయితే ఒక వెయ్యి. ఆమె ఫేస్‌బుక్ పోస్టు ఇంకో పది రోజులుంటే పోయే బేరాలు ఎన్నో మీకే తెలుసు.

ఒక్క జాగ్రత్త. డబ్బుకూ ఆ పోస్టుకూ ముడి పెట్టకండి. ‘పోస్టు తీస్తేనే డబ్బు’ అంటే ఆ మెసేజ్ కూడా స్క్రీన్‌షాట్ అయి అదే గ్రూపులో తేలుతుంది. డబ్బు చేరాక మర్యాదగా అడగండి. అడిగితే చాలామంది తీసేస్తారు, తీయకపోతే ‘సమస్య పరిష్కారమైంది’ అని కింద కామెంటైనా పెడతారు. మీరు మాత్రం ఆ పోస్టు కిందికి వెళ్లి వాదించొద్దు, చుట్టాలతో కామెంట్లు పెట్టించొద్దు. జనం చూడరనుకుంటాం గానీ కొత్త ఖాతాలను ఇట్టే పసిగడతారు.

ఇక కోర్టు భయం. ఉన్నదున్నట్టు చెప్తాను. కేసు వేయడం ఆమెకు చాలా తేలిక. అమ్మినవాళ్ల ఊరికి రానక్కర్లేదు, తను ఉండే చోటే, అంటే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే (మీరు కోర్టు అంటున్నది ఇదే) వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల దాకా గడువుంది. ఇంట్లో కూర్చుని ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు ఎక్కించవచ్చు. అంతకుముందు ఈ-దాఖిల్ అనేవారు, 2025 జనవరి 1 నుంచి అంతా ఈ-జాగృతిలోకి చేరింది. అంతకన్నా ముందు 1915కు ఫోన్ చేయొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. అక్కడి నుంచి మీకు ఫోన్ గానీ మెయిల్ గానీ వస్తే కంగారు పడకండి, అది కేసు కాదు. మాట్లాడి సర్దుబాటు చేయడానికే. అలాగని పక్కన పడేయకండి కూడా.

నిజంగా కమిషన్ నుంచి నోటీసు వస్తే జవాబుకు మీకు 30 రోజులు. కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. అంతకు మించి ఒక్కరోజు కూడా పొడిగించే వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చాలామంది ‘అంత దూరం ఎవరు పోతారులే’ అని నోటీసు అల్మారాలో పెట్టేస్తారు. అప్పుడు అవతలివాళ్లు చెప్పిందే నిజమై కూర్చుంటుంది. మీరు ప్రతిసారీ విశాఖ రైలెక్కాల్సిన పని లేదు. వీడియోలో హాజరవుతామని దరఖాస్తు పెట్టుకోవచ్చు, కమిషన్ అనుమతిస్తే ఇంటి నుంచే చూసుకోవచ్చు. రాజీకి అవకాశముందనిపిస్తే కమిషనే ఇద్దరి ఒప్పుదలతో మధ్యవర్తి దగ్గరికి పంపుతుంది. వకీలు ఖర్చు గురించి బెంగ పెట్టుకోకండి. న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేసి మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

ఈలోగా ఆమెతో నడిచిన చాట్‌లో ఒక్క అక్షరం కూడా తీయకండి, మీరు నోరు జారిన మాటలతో సహా. కొన్నాళ్లకు సందేశాలు వాటంతటవే పోయే ‘డిసపియరింగ్ మెసేజెస్’ ఆన్‌లో ఉంటే ఆపేయండి. స్క్రీన్‌షాట్లు ముక్కలు ముక్కలుగా ఉంటాయి, ముందూ వెనకా తెలియదు. చాట్ మొత్తాన్ని ‘ఎక్స్‌పోర్ట్’ చేసి మీ మెయిల్‌కే పంపుకోండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే కొన్నాళ్లు ఆగండి. ఫోన్లోని సాక్ష్యాన్ని కోర్టులో పెట్టాలంటే దానికో ధ్రువపత్రం జత చేయాలి. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో దాని నమూనా ఉంది. అవసరమైతే వకీలు చూసుకుంటారు.

ఇప్పుడు రేపటి చీర సంగతి. మూడేళ్లుగా అమ్ముతున్నారు కాబట్టి మామూలు వాట్సాప్ వదిలి వాట్సాప్ బిజినెస్‌కు మారండి, అదీ ఉచితమే. అందులో కేటలాగ్ ఉంటుంది. ప్రతి చీరకూ ఫొటోతోపాటు వివరం అక్కడే రాసి పెట్టొచ్చు. ఫొటో ఉదయం పూట వాకిట్లో నీడలో తీయండి, ఎండలో కాదు. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి, రంగు ఎటు లాగిందో దాన్ని బట్టి మీకే తెలుస్తుంది. చీర తిరగేసి ఇంకో ఫొటో. మీ ఆయన పోగు కట్టేటప్పుడు, రంగు ముంచేటప్పుడు, నేసేటప్పుడు అర నిమిషం వీడియో తీసి ‘అంచు ఇలా ఎందుకొస్తుందంటే’ అని ఆయన గొంతుతోనే చెప్పించండి. నా లెక్కలో మీ ‘నో రిటర్న్’ బోర్డు కంటే ఆ అర నిమిషమే ఎక్కువ తగాదాలు ఆపుతుంది. కొత్తవాళ్లు ఎవరు అడిగినా అదే ముందు పంపండి.

బేరం కుదిరాక డబ్బు తీసుకునే ముందు ఒక మెసేజ్: ఏ చీర, రంగు పేరు, బ్లౌజ్ ఉందా లేదా, ధర, ఎప్పటికి చేరుతుంది, లోపముంటే ఎన్ని రోజుల్లో చెప్పాలి, నచ్చకపోతే మార్చుకోవచ్చా లేదా. చివర ‘సరే అని పెట్టండి’ అని రాయండి. ఆ ‘సరే’ వచ్చాకే క్యూఆర్ పంపండి. ఇదంతా ప్రతిసారీ టైపు చేయక్కర్లేదు, క్విక్ రిప్లైలో దాచుకుంటే రెండు అక్షరాలతో వచ్చేస్తుంది. గ్రూపు డిస్క్రిప్షన్‌లో రాసింది ఎవరూ చదవరు. మీరు చేరిన గ్రూపులవి మీరు చదివారా?

ప్యాకింగ్‌కు ఫోన్‌ను డబ్బా మీద ఆనించి పెట్టి, చీర మడతలు విప్పి రెండు వైపులా చూపించి, కవర్‌లో పెట్టి అంటించేదాకా ఒకే వీడియో తీయండి. అడ్రసు అతికించే ముందే ఆపేయండి, ఆ వివరాలు వీడియోలో ఎందుకు? ఆ వీడియో కొన్నవాళ్లకే పంపి, ‘మీరూ విప్పేటప్పుడు తీస్తే ఇద్దరికీ మంచిది’ అనండి. షరతులా కాకుండా ఇలా చెప్తే నిజంగానే తీస్తారు. ‘నో రిటర్న్’ తీసేసి ‘లోపముంటే 7 రోజుల్లో చెప్పండి, చూసి వెనక్కి తీసుకుంటాం. నచ్చకపోతే వాపస్ ఉండదు’ అని గ్రూపులోనూ, ఇచ్చే బిల్లులోనూ రాసుకోండి. చట్టానికీ సరిపోతుంది, చదివినవాళ్లకు ఇంకా కొనబుద్ధవుతుంది.

స్క్రీన్‌షాట్ పంపిన కస్టమర్ సంగతి చిన్నది. మీ బ్యాంకు ఖాతాలో పడేదాకా చీర పంపొద్దు. స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారు చేయొచ్చు. యూటీఆర్ నంబరు, అంటే ఆ చెల్లింపును గుర్తుపట్టే 12 అంకెలు పంపమనండి, మీ ఖాతా వివరాల్లో చూసుకోండి. నిజంగా ఆమెకు కట్ అయి మీకు చేరకపోతే, మనిషి నుంచి మనిషికి పంపిన యూపీఐ డబ్బు మర్నాటికల్లా, వ్యాపారి ఖాతాకు పంపినదైతే 5 రోజుల్లోగా ఆమెకు తిరిగి జమ కావాలని 2019 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశం. దాటితే రోజుకు 100 రూపాయలు బ్యాంకే ఇచ్చుకోవాలి. ఫిర్యాదు ఆమె తన యాప్‌లోనే పెట్టాలి, 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లోనే రాయొచ్చు. ఇది విని ఆమె మాట్లాడటం మానేస్తే మీకు జవాబు దొరికినట్టే.

విశాఖ చీర తిరిగి వస్తే విప్పేటప్పుడు వీడియో తీయడం మరచిపోకండి, ఇప్పుడు పార్సిల్ అందుకునేది మీరు. మచ్చను పగటిపూట మీ ఆయనకు చూపించండి. అద్దకంలో పడిన రంగుచుక్కో, మగ్గం నూనెనో, తర్వాత ఇంట్లో పడిన పసుపో ఆయన చూడగానే చెప్పగలరు. నాకు ఆ సంగతి కూడా రాయండి.